పేరు తెలియని బుజ్జి ఆర్కిడ్

పేరు చీటీ లేని మొక్క ఇంటికొచ్చిందని దిగులు పడకు తల్లీ. బొటనవేలంత ఆర్కిడ్ అయినా సరే, ఎలాంటి చోట పుట్టిందో దాని ఆకూ వేరూ చూస్తే చాలావరకు తెలుస్తుంది. నీళ్లు రోజూ పోయాలా, రెండ్రోజులకోసారా అని ఫోన్లో అడిగావు కదా, ఆ సంగతి దాని వేరే చెబుతుంది. ముందు దాన్ని కుండీలోంచి తీసి వెలుతుర్లోకి పట్టుకురా.

వేరు తెల్లగా, లావుగా ఉందా? ఆ తెల్లదనం వేరు మీది తొడుగుది. చచ్చిపోయిన ఖాళీ కణాలతో ఏర్పడ్డ పొర అది, పేరు వెలామెన్. అద్దుడు కాగితంలా వానచుక్కనీ మంచునీ ఇట్టే పీల్చేసుకుంటుంది. తడిస్తే పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. అందుకే వేరు పచ్చగా ఉన్నంతసేపూ నీళ్ల జోలికి పోకు. తెల్లబడ్డాక పొయ్యి. ఇలాంటి వేరుకి తడి ఎంత అవసరమో, తడికీ తడికీ మధ్య గాలి తగలడమూ అంతే అవసరం. తెనాలి నల్లరేగడిలో గానీ బాపట్ల ఇసుకలో గానీ పాతిపెట్టావంటే ఊపిరాడక కుళ్లిపోతుంది.

ఇక ఆకు. పల్చగా ఉంటే నీడా తేమా కోరే మొక్క. దళసరిగా ఉంటే ఎండకీ కరువుకీ అలవాటు పడ్డది. ఇలాంటివాటిలో చాలా మొక్కలు పగలు ఆకురంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచిపెట్టి, తెల్లారాక ఎండ సాయంతో ఆహారం చేసుకుంటాయి. నీటి పొదుపంతా అందులోనే ఉంది. ఈ సంగతికి తొలినాటి ఆనవాళ్లలో ఒకటి దొరికింది మన దేశంలోనే. సామర్లకోట తోట బాధ్యత చూసిన బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రణపాల ఆకు నమిలి చూశాడు. పొద్దున పుల్లగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి చప్పబడింది. ఆయన రాసిన ఉత్తరం లండన్ లిన్నియన్ సొసైటీ సంపుటిలో 1815లో అచ్చయింది. నువ్వు నమలొద్దు. రణపాల ఆకు రసం పొద్దునా సాయంత్రమూ పీహెచ్ కాగితం మీద వేసి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

హేన్ కంటే ముందు ఆ తోట చూసిన విలియం రాక్స్‌బరో మన కోస్తా ఆర్కిడ్ ఒకదాన్ని 1795లో బొమ్మతో సహా అచ్చువేయించాడు. ఇప్పుడు దాన్ని వాండా టెసలేటా అంటున్నాం. మామిడికొమ్మల మీద పట్టీల్లాంటి ఆకులతో, గళ్లుగళ్ల గోధుమరంగు పూలతో కనిపిస్తుంది. చాలామంది బదనిక అనుకుని పీకి పారేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అసలు బదనిక కొమ్మలోకి వేళ్లు దింపి రసం తాగుతుంది. వాండా కొమ్మను పట్టుకుని ఉంటుందంతే, చెట్టు సొమ్ము చుక్క కూడా తినదు. మన ఎండలో ఆర్కిడ్‌ని ఎలా పెంచాలో దాన్ని చూసే నేర్చుకోవాలి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ, ఎప్పుడూ ఆడే గాలి, వాన పడితే తడిసి గంటలో ఆరిపోయే వేళ్లు, ఇవీ దానికి కావలసినవి.

నీ మొక్కకి తూర్పు వరండా చాలు. పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలితే మేలు. కుండీ బదులు మామిడి బెరడు ముక్కకి కొబ్బరిపీచుతో కట్టు. లేదంటే చిన్న మట్టిచిప్పలో బొగ్గుముక్కలూ ఇటుకముక్కలూ వేసి కూర్చోబెట్టు. కొబ్బరిపీచులో ఉప్పుంటుంది, రెండు మూడు నీళ్లలో నానబెట్టి పారబోశాకే వాడు. అసలు భయమంతా ఉప్పుతోనే. రేపల్లె వైపు బోరునీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీ అత్తయ్యనడుగు. ఉప్పునీళ్లు ఆరిన ప్రతిసారీ వేరు మీద లవణం మిగిలిపోతుంది, కొన్నాళ్లకి మొన మాడిపోతుంది. డాబా మీద పడిన వాననీళ్లు డ్రమ్ములో పట్టి ఉంచుకో. తెనాలిలో కాలవనీళ్లు వడగట్టి పోసినా మంచిదే.

బుజ్జి మొక్కతో ఇంకో చిక్కుంది. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ, లోపలి నీటితో పోలిస్తే గాలికి తగిలే ఉపరితలం ఎక్కువ. కాబట్టి త్వరగా ఎండుతుంది. రోహిణి కార్తె వడగాలి రోజుల్లో పొద్దునే ఓసారి, సాయంత్రం ఓసారి తడపాల్సి రావచ్చు. చీకటి పడేలోగా ఆకుల నడిమి గుంటలో నీళ్లు ఆరిపోవాలి. పళ్లెంలో గులకరాళ్లు పరిచి నీళ్లు పోసి, మొక్కని దానికి కాస్త పైన ఉంచు. బాపట్లలో సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమకి కొదవలేదు, మీ తెనాలిలో మాత్రం వేసవిలో ఈ పళ్లెం అక్కరకొస్తుంది.

ఇవన్నీ చేసినా కొన్ని జాతులు మన ఊళ్లలో బతకవు. ఆండీస్ కొండల మబ్బుల అడవుల్లో పెరిగే మాస్‌డెవాలియాల్లాంటివాటికి రాత్రిపూట చలి కావాలి. మన వేసవి రాత్రులు వాటిని నిలవనివ్వవు. ఎంత ముద్దుగా ఉన్నా కొనొద్దు. అడవిలోంచి పీకి తెచ్చినవీ కొనొద్దు. అక్కడ మళ్లీ మొలవడం అంత తేలిక కాదు. ఆర్కిడ్ విత్తనం ధూళంత ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. మొలకెత్తాలంటే శిలీంధ్రం తోడు కావాలని నోయెల్ బెర్నార్డ్ 1899లో కనిపెట్టాడు. 1922లో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన మాధ్యమంలో మొలిపించాడు. అలా సీసాల్లో పెంచిన మొక్కలు నర్సరీల్లో దొరుకుతుంటే అడవిని దోచడమెందుకు చెప్పు?

పేరు కోసం తొందరపడకు. పువ్వు వచ్చాక ఎదురుగా, పక్కగా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తియ్యి. వృక్షశాస్త్రం తెలిసినవాళ్లకి ఆ పువ్వులో పెదవి అని పిలిచే రేక ఆకారం చూపించాలి. ఈలోగా కొత్త వేరు పచ్చని మొనతో బయటికొచ్చేదాకా ఎరువు వెయ్యకు. వచ్చాక 19-19-19 లీటరు నీళ్లకి అరగ్రాము, పదిహేను రోజులకోసారి, అదీ వేరు తడిపిన తర్వాతే.