కొంగు చాటు గది

ప్రార్థించేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపేసుకోమన్నాడు ఏసుక్రీస్తు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉందా మాట. మరి ఇల్లంతా కలిపి ఒకటే గదైతే?

వికారాబాద్ జిల్లా మర్పల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఇది ఎంతోమంది అమ్మల ప్రశ్న. పొద్దెక్కకముందే పత్తి ఏరడానికి పోవాలి. ఈలోపే పొయ్యి ముట్టించాలి, పిల్లల్ని బడికి తయారుచేయాలి. ఓ మూల అత్త దగ్గు, మరో మూల టీవీ. ఇంత గోలలో మౌనమెక్కడ?

మూడొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఓ తల్లికీ ఇదే చిక్కు. ఆమె పేరు సుసానా వెస్లీ. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీకి అమ్మ. 19 మందిని కంటే దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు. ఇంటినిండా పిల్లలు, మెడనిండా పని. అందుకే ప్రార్థించాలనిపిస్తే ఏప్రాన్‌ను తలమీదికి లాక్కుని కూర్చునేదట. అదే ఆమె గది!

ఆ మెథడిస్టు సంఘమే నిజాం కాలంలో వికారాబాద్ ప్రాంతంలో వేళ్లూనుకుంది. దగ్గర్లోని ధారూరులో ఏటా నవంబరులో క్రైస్తవ జాతర జరుగుతుంది. వేలమంది గుడారాలేసుకుని అక్కడే ఉంటారు. పాటలు, ప్రసంగాలు, జనం... ఆ సందడిలో గుండె నిండటం తేలికే. ఇంటికొచ్చాకే అసలు పరీక్ష.

ఏలీయా ప్రవక్త కథ గుర్తుందా? ప్రాణభయంతో పారిపోయి, ఇక చావొస్తే బాగుండనుకున్న మనిషి ఆయన. కొండమీద పెనుగాలి వీచింది, భూమి కంపించింది, మంట లేచింది. వాటిలో వేటిలోనూ దేవుడు లేడు. అన్నీ ఆగాక మెల్లగా ఓ స్వరం వినిపించిందంటుంది రాజుల మొదటి గ్రంథం.

ఎలా మొదలుపెట్టాలి? అందరికన్నా ఐదు నిమిషాలు ముందు లేవండి. అడగాల్సినవి అడిగేయండి. తర్వాత ఊరుకోండి. 'ప్రభువా, కరుణించు' లాంటి చిన్నమాట శ్వాసతోపాటు మనసులో అనుకుంటే చాలు. ఆలోచనలు వస్తాయి, చేలో కలుపులాగా. విసుక్కోకుండా మళ్లీ ఆ మాట దగ్గరికే రండి.

మౌనం అప్పు తీర్చదు. పత్తి ధర పెంచదు. కొన్నాళ్లు ఏమీ వినిపించకపోవచ్చు కూడా. కానీ బరువు ఒక్కరమే మోస్తున్నామన్న భయం మెల్లగా సడలుతుందంటారు ప్రార్థన అలవాటైనవాళ్లు.

మన అమ్మలు ప్రార్థనకు ముందు కొంగు తలమీదికి లాక్కుంటారు. గది లేదన్న దిగులెందుకు? తలుపు అక్కడే ఉంది.