పది శాతం గీత

2025 జనవరి 30న హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా కంపెనీలకు ఒక సర్క్యులర్ పంపింది. 60 ఏళ్లు నిండినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం మించి పెంచాలనుకుంటే ముందుగా తమను సంప్రదించాలని చెప్పింది. వారికోసం నడుపుతున్న వ్యక్తిగత పాలసీని మూసేయాలనుకున్నా అదే పద్ధతి. ఆదేశం ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చింది. అప్పటికి గుంటూరు యార్డులో మిర్చి ధర కుప్పకూలుతోంది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. అంటే నెల తిరక్కుండానే ప్రభుత్వ వ్యవస్థ రెండు గీతలు గీసింది. ఒకటి ధర ఇంతకంటే దిగొద్దని, రెండోది ఇంతకంటే ఎక్కొద్దని. మిర్చి గీత ఎవరికి ఏ మేరకు అందిందో యార్డులో ఏ కమీషన్ కొట్టు మెట్టు మీద కూర్చున్నా చెబుతారు. బీమా గీత గురించి మాత్రం, దాని అవసరం ఉన్నవాళ్లలోనే చాలామందికి తెలియదు.

గుంటూరు ప్రాంతంలో సొంత డబ్బుతో ఆరోగ్య బీమా కట్టేది ఎవరు? తెల్లకార్డు కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైనది ఇదే. 70 దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ వయ వందన 2024 అక్టోబరులో వచ్చింది. మధ్యలో మిగిలినవారు చిన్న వ్యాపారులు, కార్డు పరిధి దాటిన రైతులు, జిన్నింగు మిల్లుల్లో, కొట్లలో పనిచేసి మానేసిన గుమస్తాలు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు ప్రీమియం కడితే ఇక్కడ ఉంటున్న తల్లిదండ్రులు. కార్డు ఉన్నా విడిగా పాలసీ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2025 అక్టోబరులో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు వైద్య సేవ కేసులు ఆపినప్పుడు అలాంటివారిని ముందుచూపున్నవాళ్లని మెచ్చుకున్నారు.

ప్రీమియం ఎందుకు పెరుగుతుందో ముందు చూద్దాం. మీరు కట్టే డబ్బు మీ పేరిట దాచిపెట్టరు. ఒకే పాలసీ కొన్న వేలమంది డబ్బు ఒక రాశిగా పోస్తారు, జబ్బుపడినవారి బిల్లులు అందులోంచే కడతారు. ఆసుపత్రి రేట్లు పెరిగితే రాశి త్వరగా తరుగుతుంది. కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లో గది అద్దె, స్టెంటు, ఐసీయూ రోజు బిల్లు ఎలా పెరిగాయో గుంటూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దీనికి తోడు మరో చిక్కుంది. కంపెనీ ఏదో ఒక కొత్త పేరుతో కొత్త పాలసీ తెస్తుంది, వయసులో ఉన్నవారు అందులోకి మారిపోతారు. పాత పాలసీలో వయసు మళ్లినవారు, షుగరు, బీపీ ఉన్నవారు మిగులుతారు. రాశిలో పోసేవాళ్లు తగ్గి తీసుకునేవాళ్లు ఎక్కువవుతారు, కాబట్టి రేటు పెంచుతారు. ఆ పెంపు చూసి ఇంకొందరు వెళ్లిపోతారు, మళ్లీ పెంచుతారు. సర్క్యులర్ పెంపుతో పాటు పాలసీల మూసివేతనూ అడ్డుకున్నది ఇందుకే. ఆయుష్మాన్ భారత్ తరహాలో ఆసుపత్రులతో ఉమ్మడిగా ప్యాకేజీ రేట్లు బేరమాడండని కూడా అదే కాగితంలో కంపెనీలకు చెప్పారు. నా దృష్టిలో అసలు మందు అదే. మిగతాదంతా జ్వరం కొలవడం.

మరి 60 దాటినవారికే ఈ రక్షణ ఎందుకు? నలభై ఏళ్లవాడు రేటు నచ్చకపోతే ఇంకో కంపెనీకి పోతాడు. 68 ఏళ్ల షుగరు రోగి ఎక్కడికి పోతాడు? పోర్టబిలిటీ సౌకర్యం ఉంది, పాత పాలసీలో గడిపిన వెయిటింగు కాలం కూడా కొత్తచోట కలిసొస్తుంది. కానీ తీసుకోవాలా వద్దా అన్నది కొత్త కంపెనీ ఇష్టం. బయటకు దారి లేనివాడి దగ్గర బేరం ఉండదు. అందుకే గీత కావలసి వచ్చింది.

ఆ గీత ఎంత గట్టిది? సర్క్యులర్ మాట ప్రకారం 10 శాతం దాటితే ముందు సంప్రదించాలి. అంటే సంప్రదించి దాటే దారి తెరిచే ఉంది. 10 శాతం లోపల పెంచుకుంటే ముందు సంప్రదించనక్కర్లేదు. 60 ఏళ్లప్పుడు 20,000 రూపాయలున్న ప్రీమియం ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 67కి దాదాపు 39,000, 70కి దాదాపు 52,000 అవుతుంది. దీని పక్కన పత్తిని పెట్టి చూడండి. పొడవు పింజ పత్తికి 2015-16లో మద్దతు ధర క్వింటాలుకు 4,100, 2025-26లో 8,110. పదేళ్లలో రెట్టింపు కూడా పూర్తిగా కాలేదు. అనుమతించిన వేగంలో ప్రీమియం మాత్రం పదేళ్లలో రెండున్నర రెట్లు దాటుతుంది. పత్తికి కనీసం ఆ మద్దతు ధరైనా ఉంది, మిర్చికి అదీ లేదు.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారో అక్కడున్న పిల్లలను అడిగి తెలుసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో ప్రైవేటు ఆరోగ్య బీమా పెంపును ఏటా ఆరోగ్య మంత్రి ఆమోదించాలి, కొత్త రేట్లు ఏప్రిల్ 1న వస్తాయి. 2025లో ఆమోదించిన సగటు పెంపు 3.73 శాతం. అక్కడ వయసు మళ్లిందని, జబ్బుందని ఎక్కువ ధర వేయకూడదు. అమెరికాలో ఒబామా కాలపు చట్టం కింద 2011 నుంచి 10 శాతం, తర్వాత 15 శాతం దాటిన పెంపును అధికారులు సమీక్షిస్తారు. పెద్దవారి ప్రీమియం యువకుడిదానికి మూడు రెట్లు మించకూడదన్న షరతు కూడా ఉంది. మన గీత పెంపును మాత్రమే చూస్తుంది, అసలు ధర ఎంతుండాలో చూడదు. పైగా 59 ఏళ్లవాడికి ఈ అంకె రక్షణ కూడా లేదు. ఇది సగం కట్టిన గోడ.

ఇక చేతికొచ్చే రెన్యూవల్ నోటీసు సంగతి. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ తీసేశారు. ఉదాహరణకు, అంతకుముందు ఏడాది మీ మూల ప్రీమియం 20,000, జీఎస్టీ 3,600, మొత్తం 23,600 అనుకుందాం. జీఎస్టీ పోయాక వచ్చిన నోటీసులోనూ మొత్తం 23,600 అనే ఉంటే, పెరగలేదులే అనుకుని కట్టేస్తాం. నిజానికి మూల ప్రీమియం 18 శాతం పెరిగింది, గీత దాటింది. పన్ను తగ్గించి మీకు మిగల్చాలనుకున్న డబ్బు కంపెనీకి చేరింది. కంపెనీలకూ ఒక వాదన ఉంది. పన్ను లేకపోవడంతో, తాము కొనే సేవలపై కట్టిన పన్ను తిరిగి రాబట్టుకునే వీలు పోయిందంటాయి. అది నిజమే, కానీ అంత మొత్తానికి సమాధానం కాదు. కాబట్టి రెండేళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి మూల ప్రీమియాన్ని మూల ప్రీమియంతోనే పోల్చండి. నిరుడు ఇచ్చిన డిస్కౌంటు ఈసారి తీసేశారేమో చూడండి. గది అద్దెపై పరిమితి, బిల్లులో మీ వాటా కొత్తగా చేరాయేమో కూడా చూడండి. ప్రీమియం పెంచకుండా రక్షణ కుదించినా లెక్క ఒకటే. వయసు స్లాబు మారింది కాబట్టి పెరిగిందని ఏజెంటు నోటిమాటగా అంటే, అదే మాట కాగితం మీద ఇమ్మనండి. నిరుడు క్లెయిము చేశారు కాబట్టి మీకు మాత్రం పెంచామంటే అది నిబంధనకు విరుద్ధం. క్లెయిము చేసినందుకు రెన్యూవల్ నిరాకరించడమూ కుదరదు.

మన నేలకు ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటుంది. బీమా ఏటా ఒకే తేదీన డబ్బు అడుగుతుంది. పంట డబ్బు ఆ తేదీకి రాదు. కల్లం మీద మిర్చి ఆరి, టిక్కీలు కాటా అయ్యి, కొట్టు లెక్క తేలితేనే చేతిలో పైకం. రేటు లేదని కోల్డ్ స్టోరేజీలో పెడితే ఇంకా ఆలస్యం. వేసవిలో యార్డుకు సెలవులిచ్చే రోజుల్లోనో, విత్తనాలకు, ఎరువులకు వెతుక్కునే జూన్‌లోనో రెన్యూవల్ పడితే ఈ ఏడాదికి వదిలేద్దాం అనిపిస్తుంది. అలా వదిలితే 10 శాతం పెంపు కంటే పెద్ద నష్టం. వార్షిక ప్రీమియానికి 30 రోజుల గ్రేసు ఉంది, కానీ కట్టని ఆ రోజుల్లో జబ్బు చేస్తే బిల్లు మీదే. గ్రేసూ దాటితే కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి, పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగు మళ్లీ మొదలవుతుంది. ఐదేళ్లు ఆపకుండా కడితే, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారని క్లెయిము తోసిపుచ్చలేరు. ఆ హక్కు కూడా పోతుంది. రేటు బాగున్న ఏడాది రెండేళ్లకో మూడేళ్లకో ఒకేసారి కట్టే పాలసీ అడగండి. ఆ కాలమంతా ప్రీమియం కదలదు.

కంపెనీ మారాలనుకుంటే రెన్యూవల్ తేదీకి 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి, కొత్త కంపెనీ ఒప్పుకునేదాకా పాతదాన్ని వదలకూడదు. పెంపు మీద అభ్యంతరం ఉంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, తర్వాత బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరుకు గానీ చెప్పండి. కంపెనీ నెలలోపు తేల్చకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు పోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆయనే. ప్రీమియం తగాదాలు కూడా ఆయన పరిధిలోవే. రుసుము లేదు, వకీలుతో పనిలేదు.