బొట్టు పెట్టి పిలిస్తేనే!

"అబ్బాయి అమెరికాలో డబ్బు వేసి మూడు రోజులయిందండీ. ఇంకా మాకు చేరలేదు. దారిలో ఎక్కడ ఆగిపోయిందంటారు?"

గుంటూరులో ఒక బ్యాంకులో విదేశీ వ్యవహారాల బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్ళూ ఈ ప్రశ్నకు జవాబు చెబుతూనే వచ్చాను. డబ్బు ఎక్కడో సంచీలో పడి సముద్రాలు దాటి వస్తుందని చాలామంది ఊహ. నిజానికి డబ్బు ఎక్కడికీ కదలదు. కదిలేది కబురు. "మీ దగ్గరున్న మా ఖాతాలో ఇంత తగ్గించుకుని, ఫలానా వారికి ఇవ్వండి" అని ఒక బ్యాంకు మరొక బ్యాంకుకు వ్రాసే ఉత్తరం మీదనే ఈ వ్యవహారమంతా నడుస్తున్నది.

మరి ఆ ఉత్తరం నిజంగా ఆ బ్యాంకే వ్రాసిందని నమ్మడమెలా? మా ఉద్యోగంలో అసలు చిక్కంతా అక్కడే వుంది.

ఇనప్పెట్టెలో పుస్తకం

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టెలెక్సు మీద కబుర్లు వచ్చేవి. ప్రతి కబురుకూ ఒక రహస్యపు అంకె వుండేది. తేదీకి ఒక అంకె, మొత్తానికి ఒక అంకె, కరెన్సీకి ఒక అంకె—అన్నీ ఒక పుస్తకంలో చూసి కూడాలి. అవతలి బ్యాంకు దగ్గర ఆ పుస్తకానికి జోడీ వుంటుంది. కూడిక సరిపోతే కబురు నిజమైనదన్నమాట. సరిపోకపోతే ఎంత పెద్దమనిషి పంపినదైనా పక్కన పెట్టవలసిందే. ఆ పుస్తకం ఇనప్పెట్టెలో వుండేది. కూడికల్లో మా గుమాస్తాల కళ్ళు పోయేవి.

ఈ బాధ తప్పించడానికే 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియం దేశంలో 'స్విఫ్ట్' అనే సహకార సంస్థను పెట్టుకున్నాయి. 1977లో దాని మీద మొదటి కబురు నడిచింది. ఇవాళ 200కు పైగా దేశాల్లో 11,000కు మించిన సంస్థలు అందులో వున్నాయి.

అంతమంది ఒకే తీగ మీద వుంటే ఎవరు ఎవరికైనా కబురు పంపవచ్చునా? పంపడానికి వీల్లేదు. తమాషా అంతా ఇక్కడే వుంది.

చీటీ ఎవరివ్వాలి?

మొదట్లో ప్రతి జంట బ్యాంకులూ రహస్యపు తాళాలు మార్చుకునేవి. 2009 నాటికి ఆ పద్ధతి పోయి, ఆర్.ఎం.ఎ. అనే సాఫ్ట్‌వేరు వచ్చింది. రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ అప్లికేషన్ అని దాని పూర్తి పేరు. పేరు పెద్దదే గాని పని చిన్నది. మాకు ఎవరెవరు కబురు పంపవచ్చునో మేమే ముందుగా ఒక్కొక్కరికీ అనుమతి చీటీ ఇవ్వాలి. చీటీ లేని బ్యాంకు మాకు అధికారిక కబురు పంపబోతే, అది వాళ్ళ గడప కూడా దాటదు.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెబితే మా ఆవిడ, "ఇంతేనా! బొట్టు పెట్టి పిలిస్తేనే పేరంటానికి వస్తారు. అంతేగా?" అని తేల్చేసింది.

అంతే. పైగా వాళ్ళు మనను పిలిచినంత మాత్రాన మనం వాళ్ళను పిలిచినట్టు కాదు. ఇటు చీటీ వేరు, అటు చీటీ వేరు. ఏయే రకాల కబుర్లకు అనుమతి ఇస్తున్నామో కూడా విడదీసి చెప్పవచ్చును. ఇచ్చిన చీటీని ఎప్పుడు కావాలంటే అప్పుడు రద్దు చేసుకోవచ్చును. చీటీ లేనివాళ్ళు గుమ్మం బయట నిలబడి కేక వేసినట్టుగా మామూలు ఉత్తరం ఒకటి పంపుకునే వీలున్నది. కాని దాన్ని నమ్మి ఎవరూ పైసా ఇవ్వరు. దేశాల మధ్య చెల్లింపుల కబుర్లు 2025 నవంబరు నుంచి కొత్త అచ్చులోకి మారినా, చీటీ లేనిదే కబురు లేదన్న సూత్రం మారలేదు.

ఒక రాత్రి దొంగతనం

2016 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలో దూరి, న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు 35 కబుర్లు పంపారు. అడిగిన మొత్తం సుమారు 95 కోట్ల డాలర్లు! వాటిలో 5 చెల్లాయి. 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలాకు వెళ్ళిపోయాయి. శ్రీలంకకు వెళ్ళిన 2 కోట్లు మాత్రం, గ్రహీత పేరులో 'ఫౌండేషన్' అన్న మాటకు అక్షరాలు తప్పు వ్రాయడంతో పట్టుబడి వెనక్కి వచ్చాయి.

ఆ కబుర్లను చీటీ ఆపలేదు. ఆపలేదు కూడా. పిలిచిన ముత్తయిదువ చీర కట్టుకుని దొంగ వస్తే గుమ్మంలో ఎవరు పోల్చుకోగలరు?

ఆ తరువాత అన్ని బ్యాంకులకూ బెరుకు పుట్టింది. ఏనాడో ఇచ్చి మరచిపోయిన చీటీలు ఎన్ని వున్నాయి? వాటిలో ఏ తలుపు గుండా రేపు దొంగ వస్తాడు? వాడని చీటీలు తీసెయ్యమని స్విఫ్ట్ వారు కూడా హెచ్చరించారు. ఆ ఏడే, పెద్ద బ్యాంకుల కూటమి అయిన వుల్ఫ్స్‌బర్గ్ గ్రూపు, ఖాతా లేకుండా కబుర్లకు మాత్రమే అనుమతి ఇచ్చే బ్యాంకుల పుట్టుపూర్వోత్తరాలు కూడా విచారించాలని సూచనలు ప్రచురించింది.

నా సంతకం

2017లో మా హెడ్డాఫీసు నుంచి ఒక జాబితా వచ్చింది. 'రెండేళ్ళుగా ఈ క్రింది బ్యాంకుల నుంచి కబుర్లు లేవు. చీటీలు రద్దు చేయడానికి మీకేమైనా అభ్యంతరమా?' అని. నాలుగు పేజీల పేర్లు. ఆనాడు బల్ల మీద పని గుట్టగా వున్నది. పైనుంచి క్రిందికి ఒకసారి చూసి, 'అభ్యంతరం లేదు' అని వ్రాసి సంతకం పెట్టాను.

రెండు నెలలయిన తరువాత, మా నాన్నగారి కాలం నుంచి మాకు ఎరిగిన మిర్చి వ్యాపారి వచ్చారు. కొలంబో ఆసామి రెండు కంటైనర్ల మిర్చికి లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిచాడు. అది మాకు చేరితే గాని సరుకు ఓడ ఎక్కదు. ఎంతకీ చేరదు! విచారిస్తే, కొలంబోలోని ఆ బ్యాంకు నేను సంతకం పెట్టిన జాబితాలో మూడో పేజీలో వున్నది.

కొత్త చీటీ కావాలంటే ప్రశ్నావళులు, యాజమాన్య వివరాలు, ఇటు రెండు సంతకాలు, అటు రెండు సంతకాలు. చివరికి బొంబాయిలో మరొక బ్యాంకు ద్వారా కబురు తిప్పి తెప్పించాము. దానికి వేరే కమీషను. ఈలోగా ఓడ వెళ్ళిపోయింది. గడువు పొడిగించడానికి కొలంబో ఆసామి ఒప్పుకున్నాడు గాని, కోల్డు స్టోరేజీ అద్దె, అప్పు మీద వడ్డీ అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి.

"దొంగల భయానికి తలుపు వేసుకున్నావు. బాగానే వుంది, అబ్బాయ్! నన్ను ఒక్కమాట అడగకూడదూ?" అన్నారు.

"పొరపాటయింది, బాబాయిగారూ" అన్నాను. అంతకన్న అనడానికి ఏమున్నది?

ఇది నా ఒక్కడి కథ కాదు. 2011కూ 2018కీ మధ్య ప్రపంచంలో ఇలా ఇచ్చిపుచ్చుకునే బ్యాంకుల సంఖ్య సుమారు అయిదో వంతు తగ్గిందని అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు లెక్క తేల్చింది. చిన్న బ్యాంకులను, చిన్న దేశాలను విచారించడం ఖర్చుతో కూడిన పని. తలుపు వేసుకోవడం సుళువు.

సాఫ్ట్‌వేరు తెర మీద బ్యాంకు పేరు వుంటుంది, తేదీ వుంటుంది, చీటీ వుందో లేదో వుంటుంది. ఆ చీటీ మీద ఆధారపడి కోల్డు స్టోరేజీలో సరుకు పెట్టుకున్న మనిషి పేరు మాత్రం వుండదు. అందుకని ఆ తరువాత నేనొక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఒక్కొక్క విదేశీ బ్యాంకు పేరుకు ఎదురుగా, మా ఊళ్ళో దానితో పని వున్న వారి పేర్లు. జాబితా వచ్చినప్పుడల్లా వారికి టెలిఫోను చేసి అడిగేవాణ్ణి. వాళ్ళు అక్కర్లేదన్నవి వెంటనే తీయించాను. అలా తీసినవే ఎక్కువ.

రిటైరయిన రోజున, పూలదండలూ ఉపన్యాసాలూ అయ్యాక, నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి తాళాలతోపాటు ఆ పుస్తకం కూడా అప్పజెప్పాను. మొన్న బజారులో బాబాయిగారు కనిపించి, "మీ బ్యాంకు అమ్మాయి ఫోను చేసిందోయ్, కొలంబో చీటీ వుంచాలా తీసెయ్యాలా అని" అన్నారు.

"ఏం చెప్పారు?" అన్నాను.

"వుంచమన్నాను. ఈ ఏడు పంట బాగుంది" అన్నారు.