ఫైలు పేరులో గుణింతం గల్లంతు

విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, కోలన్ వంటి 9 గుర్తులు చెల్లవు. లినక్స్‌ది ఉదార స్వభావం: ఏటవాలు గీత, శూన్య బైటు తప్ప అన్నీ సమ్మతమే. అందుకే ఒకచోట పుట్టిన పేరు మరోచోట మొరాయిస్తుంది. దాన్ని ముందే శుభ్రం చేయడం ప్రోగ్రాము పని.

చాలామంది రాసే కోడ్ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు ఉంచి తక్కినవన్నీ తుడిచేస్తుంది. అప్పుడు ‘రసీదు’, ‘జాబితా’ రెండూ పేరులేని ఫైళ్లవుతాయి; ఒకే ఫోల్డరులో ఉంటే రెండోది మొదటిదాన్ని మింగేయవచ్చు.

పైథాన్‌ది ఇంకో తమాషా. దాని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అక్షరాలను సూచించే గుర్తు హల్లులను ఒప్పుకుంటుంది గానీ గుణింతాలను, పొల్లును, సున్నను కాదు. ‘తెలుగు’ కాస్తా ‘తలగ’ అవుతుంది! నిషిద్ధ గుర్తులను మాత్రమే అండర్‌స్కోర్‌గా మార్చడం మేలు.

అంతకుముందు యూనికోడ్ రూపాన్ని ఏకం చేయాలి. ఐత్వం ఒకే సంకేతంగానూ, రెండు ముక్కలుగానూ నమోదు కావచ్చు; కంటికి ఒకటే, కంప్యూటరుకు వేర్వేరు. నిడివీ చూసుకోవాలి. లినక్స్‌లో పేరుకు సాధారణ హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి గుణింతాలు, పొల్లులతో కలిపి 85 సంకేతాలే పడతాయి. కత్తిరించే ముందు ఎక్స్‌టెన్షన్‌ను విడదీసి, చివర్లో తిరిగి అతికించాలి.