రోబోల పోటీలును మన బాలికలును

విద్య యన్నంతనే పుస్తకములు, పరీక్షలు, మార్కులు మాత్రమే మన తలపునకు వచ్చుచున్నవి. చేతిపనియు విద్యలో భాగమే యను మాట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. కోపల్లె హనుమంతరావుగారును వారి మిత్రులును 1910లో మచిలీపట్టణమున నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో గ్రంథపఠనముతోపాటు వృత్తివిద్యలును నేర్పుచుండిరి. నేడు ఉన్నతపాఠశాలల విద్యార్థులకొఱకు పలుదేశములలో జరుగుచున్న రోబోల పోటీలు ఆ యాశయమునకే క్రొత్త రూపమని చెప్పవచ్చును.

రోబో యనగా మనుష్యాకారము గల బొమ్మయే కానక్కఱలేదు. చక్రములు, మోటార్లు, బ్యాటరీ, త్రోవలోని అడ్డును కనిపెట్టు సెన్సార్లు, వీనినెల్ల నడపు చిన్న కంప్యూటరు కూడిన యంత్రమది. పిల్లలు వ్రాసియిచ్చిన ఆజ్ఞల ననుసరించి బంతుల నెత్తును, బుట్టలో వేయును. ఆజ్ఞలో చిన్న పొరపాటున్నను కదలక నిలిచిపోవచ్చును. అప్పుడు తప్పెక్కడనో వెదకి దిద్దుకొనుటయే అసలు చదువు.

ఈ పోటీలలో పేరుగన్నవి అమెరికాలో డీన్ కామెన్ 1989లో స్థాపించిన ‘ఫస్ట్’ సంస్థవారివి. 1992లో ఒక ఉన్నతపాఠశాల వ్యాయామశాలయందు 28 జట్లతో ఇవి మొదలైనవి. ఏటేట ఆట మాఱును. జనవరిలో నియమములు తెలియగానే కొలది వారములలో ప్రతి జట్టును తన యంత్రమును తానే నిర్మించుకొనవలయును. ఆటలో నొక్కొక్క పక్షమున మూడేసి జట్లుండును. ఇప్పుడు తోడైన జట్టే మఱియొక యాటలో ఎదిరి కావచ్చును. కావున ఎదిరివారి యంత్రము చెడినచో తమ పనిముట్టు నెరవిచ్చుట అచటి మర్యాద.

2017 జూలైలో ‘ఫస్ట్ గ్లోబల్’ అను అంతర్జాతీయ పోటీ వాషింగ్టనులో జరిగినది. ఆఫ్గనిస్తానమందలి హెరాతు బాలికల కందు పాల్గొనుటకు రెండుమారులు వీసా నిరాకరింపబడెను. వారు పట్టు విడువలేదు. తుదకు అనుమతి లభింపగా వెళ్లి, తమ సాహసమునకై రజతపతకము నందుకొనిరి. ఆ యేటి యాట నీటినుండి మాలిన్యమును వేఱుచేయుట. నీలపు బంతులు మంచినీరు, నారింజవన్నె బంతులు కల్మషము.

దివిసీమ తల్లుల కీ యాట వింతగా తోచదు. కడలి చేరువ పల్లెలలో బావినీరు ఉప్పన. కాలువనీటితో నింపుకొన్న చెఱువే వారి కాధారము. ఆ కాలువలను గుఱ్ఱపుడెక్క కప్పివేయుటయు మనము చూచుచున్నదే. నీటి యుప్పదనమును కొలుచు సాధనము, గుఱ్ఱపుడెక్కను ఒడ్డునకు లాగు చిన్న పడవ మన బాలికలు తలపెట్టదగిన పనులు. బిందె మోయు నింటి యాడుపిల్లకన్న నీటికష్ట మెఱిగినవా రెవరు?

మన దేశమునను అవకాశములు కలవు. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకము 6వ తరగతి మొదలు 12వ తరగతి వఱకు చదువు పిల్లలకొఱకు ఉద్దేశింపబడినది. ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వఱకు సహాయము లభించునట్లు దానిని రూపొందించిరి. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ అంతిమ పోటీలు 2016లో మన దేశముననే జరిగినవి.

అయినను సాధనములు వచ్చినంతమాత్రమున చాలదు. బాలురు మరలు బిగించుచుండగా బాలికలకు చార్టులు వ్రాయుటయు, వచ్చినవారికి వివరించి చెప్పుటయు అప్పగించుట కద్దు. బడి విడిచిన పిదప రెండు గంటలు నిలువవలసివచ్చినచో గుడివాడనుండి పల్లెకు పోవు బస్సు తప్పునని, చీకటి పడునని మనమే వల దందుము. ఆ భయము అకారణము కాదు. కాని దానికి విరుగుడు పిల్లను మాన్పించుట కాదు. ఒకే త్రోవను పోవు పిల్లల తల్లులు వంతులు వేసికొని తోడు రావచ్చును. సెలవుదినములలో పగటిపూట పని పెట్టింపుడని ప్రధానోపాధ్యాయుల నడుగవచ్చును. జట్టులో మా పిల్ల యేమి చేయుచున్నదని విచారించి, ఆమె చేతికిని స్క్రూడ్రైవరు నిప్పింపవచ్చును.

సోదరీమణులారా! ఇంట పనికిరాని గోడగడియారమో, పాత రేడియోయో యున్నచో, దానిలోని బ్యాటరీ తీసి, మీ కుమార్తె ముందుంచుడు. విప్పి చూడనిండు. మరల బిగింపలేకపోయినను కోపపడకుడు. పోటీలో బహుమానము కొందఱికే దక్కును. చెడినదానిని చూచి వెఱవక, కారణము వెదకు నలవాటు మాత్రము పాల్గొన్న ప్రతి బాలికకును దక్కును. అది యామె యే యింట నున్నను, ఏ యుద్యోగమున నున్నను అక్కఱకు వచ్చును.