తీగ ఉంటే కరెంటు, లేకుంటే డీజిల్: హైబ్రిడ్ రైలు ఎలా నడుస్తుంది?

సిడ్నీలో చదువుకుంటున్న మీ అమ్మాయి సెలవుల్లో కాన్‌బెర్రా వెళ్లేందుకు రైలెక్కిందనుకోండి. అది 1990ల నాటి డీజిల్ రైలు. మెల్‌బోర్న్, బ్రిస్బేన్, డబ్బో వైపు వెళ్లే ‘ఎక్స్‌పీటీ’ రైళ్లు ఇంకా పాతవి. అవి 1982లో మొదలయ్యాయి. వీటి స్థానంలో హైబ్రిడ్ రైళ్లు తెచ్చేందుకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం 2019లోనే ఒప్పందం చేసుకుంది. మొత్తం 29 రైళ్లు, 117 బోగీలు. తయారీ స్పెయిన్ కంపెనీ సీఏఎఫ్‌ది. నిర్వహణ కేంద్రం డబ్బో పట్టణంలో.

మరి హైబ్రిడ్ రైలంటే ఏమిటి? దానివల్ల ప్రయాణికులకు ఏం మారుతుంది?

హైబ్రిడ్ అంటే ఏమిటి?

హైబ్రిడ్ కారు అనగానే పెట్రోలు, బ్యాటరీ గుర్తొస్తాయి. ఇక్కడ విషయం వేరు. పైన కరెంటు తీగ ఉన్నంత దూరం రైలు ఆ కరెంటుతోనే నడుస్తుంది. తీగ అయిపోయాక రైల్లోనే ఉన్న డీజిల్ ఇంజిన్ జనరేటర్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తుంది. చక్రాలను తిప్పేది మాత్రం రెండు చోట్లా ఎలక్ట్రిక్ మోటార్లే.

మన దగ్గర ఒకప్పుడు డీజిల్ ఇంజిన్ తీసి కరెంటు ఇంజిన్ తగిలించడానికి జంక్షన్లలో రైలు ఆగిపోయేది, గుర్తుందా? హైబ్రిడ్ రైలుకు ఆ అవసరం ఉండదు.

ఎంత దూరం కరెంటు, ఎంత దూరం డీజిల్?

సిడ్నీ నుంచి డబ్బోకు 462 కిలోమీటర్లు. అందులో లిత్‌గో పట్టణం వరకు, అంటే సుమారు 156 కిలోమీటర్లు కరెంటు తీగ ఉంది. బ్లూ మౌంటెన్స్ కొండల నిటారు ఎక్కుడు ఈ భాగంలోనే వస్తుంది. పాత ఎక్స్‌పీటీ నెత్తిమీద తీగ ఉన్నా డీజిల్ కాల్చుకుంటూనే ఆ కొండ ఎక్కుతుంది. కొత్త రైలు అదే కొండను కరెంటుతో ఎక్కుతుంది. లిత్‌గో దాటాక మిగిలిన 300 కిలోమీటర్లకు డీజిలే ఆధారం.

కాబట్టి దీన్ని ‘కాలుష్యం లేని రైలు’ అనుకోవద్దు. డీజిల్ వాడకం తగ్గుతుంది, పోదు.

దారంతా తీగ వేయొచ్చు కదా?

తెలుగు రాష్ట్రాల్లో దాదాపు అన్ని బ్రాడ్‌గేజ్ మార్గాలకూ కరెంటు వచ్చేసింది. మన పట్టాలపై ప్యాసింజర్లు, ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. అందుకే తీగకు పెట్టిన ఖర్చు గిట్టుబాటవుతుంది. డబ్బోకు సిడ్నీ నుంచి రోజుకు వెళ్లే ప్రయాణికుల రైలు ఒక్కటే. అంత తక్కువ రైళ్ల కోసం వందల కిలోమీటర్లు స్తంభాలు, సబ్‌స్టేషన్లు కట్టడం భారం. తీగ వేసే బదులు రైల్లోనే డీజిల్ ఇంజిన్ పెట్టుకోవడం చవక.

దీనికీ ఒక ధర ఉంది. కరెంటుతో నడిచేటప్పుడు కూడా డీజిల్ ఇంజిన్ల బరువు మోయాలి. రెండు వ్యవస్థలకూ మరమ్మతులు చేయాలి. అయితే రేపు తీగను ఇంకొంత దూరం పొడిగిస్తే ఇవే రైళ్లు అంత దూరమూ కరెంటుతో నడవగలవు.

ప్రయాణికులకు ఏం మారుతుంది?

సీటు దగ్గరే ఫోన్ చార్జింగ్, వీల్‌చైర్ పట్టే టాయిలెట్లు, సీసీ కెమెరాలు వస్తాయి. ప్రయాణ సమయం మాత్రం పెద్దగా తగ్గదు. పాత రైళ్లకే గంటకు 160 కిలోమీటర్లు వెళ్లే సత్తా ఉంది. వాటిని నెమ్మదింపజేసేది పాతకాలపు మలుపుల పట్టాలు. రైలు మార్చినంత మాత్రాన మలుపులు తిన్నగా కావు.

ఒక సౌకర్యం పోతుంది కూడా. మెల్‌బోర్న్ రాత్రి రైల్లో ఇన్నాళ్లూ స్లీపర్ బెర్తులు ఉండేవి. కొత్త రైళ్ల డిజైన్‌లో సీట్లే ఉన్నాయి. సుమారు 11 గంటల ప్రయాణం కూర్చునే చేయాలంటే పెద్దవయసు వారికి కష్టమే.

ఆలస్యమైతే ఎవరికి నష్టం?

తొలి రైలు 2023లో పట్టాలెక్కుతుందని మొదట చెప్పారు. ఆ గడువు దాటిపోయింది. ఆలస్యమైన ప్రతి ఏడాదీ నలభై ఏళ్లు దాటిన రైళ్లనే మరమ్మతులతో నెట్టుకురావాలి. నగరంలో ఒక రైలు రద్దయితే పది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. సిడ్నీకి 1,100 కిలోమీటర్లకు పైగా దూరంలోని బ్రోకెన్ హిల్‌కు వారానికి ఒక్కటే రైలు. అది రద్దయితే పెద్దాసుపత్రికి బయల్దేరిన వారికి బస్సే దిక్కు.

అందుకే ఎక్కడైనా ‘కొత్త రైళ్లు వస్తున్నాయి’ అన్న వార్త చూస్తే మూడు విషయాలు గమనించండి. తీగ ఎంత దూరం ఉంది? పట్టాలు బాగుచేస్తున్నారా? కొత్తవి వచ్చేదాకా పాత రైళ్లను ఎవరు, ఎలా చూసుకుంటున్నారు? మీ ప్రయాణం ఎలా ఉంటుందన్నది ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.