ఇనుమూ, కనరూ
మొన్న మైపాడు ఒడ్డున ఎండు కవళ్లు బేరమాడుతూ, "ఇవి పసుపుబారాయేం అవ్వా?" అన్నాను.

"నూనె చేప గదా సామీ, కనరేసింది" అంది.

కొవ్వుకు గాలి తగిలితే కనరు పుడుతుంది. చేప నెత్తుటిలోని ఇనుము దాన్ని ఎగదోస్తుంది. మన జీవకణాల పొరలలోనూ కొవ్వే ఎక్కువ. విడి ఇనుము అక్కడా అదే పని చేస్తుంది. అందుకే శరీరం ఇనుమును ఫెరిటిన్ అనే మాంసకృత్తులో దాచి ఉంచుతుంది. ఇ విటమిను కనరును అడ్డుకుంటుంది. ఈ కాపలా తప్పితే కణమే చస్తుంది. ఆ చావుకు 2012లో 'ఫెరాప్టోసిస్' అని పేరు పెట్టారు.

కాన్పుకు వచ్చిన మా చెల్లెలు ఇనుము మాత్రలు మింగుతోంది. రక్తహీనతకు అవి కావలసిందే, మానమనలేదు. సీసాను మాత్రం మూడేళ్ల మేనల్లుడికి అందకుండా పై అలమరలో పెట్టాను. పసివాళ్లు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.